సైటేషన్లు లెక్కపెడితే సుబ్బారావు గారు కనిపిస్తారా?

మినీ ప్రాజెక్టు కోసం హెల్త్ పేపర్లు వెతుకుతూ, సైటేషన్లు ఎక్కువున్న మొదటి పదీ తీసుకుని మిగతావి వదిలేశాను. అది ఎంత తప్పో తర్వాత తెలిసింది. అదే మీకు చెప్తాను.

డేటా స్ట్రక్చర్స్‌లో గ్రాఫ్ చదివాం కదా. ప్రతి పేపరూ ఒక నోడ్ అనుకోండి. కొత్త పేపర్ పాత పేపర్ పేరు చెప్తే దాని వైపు ఒక బాణం. అదే సైటేషన్. 1964లో యూజీన్ గార్‌ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాక ఈ బాణాలు లెక్కపెట్టడం తేలికైంది. గూగుల్ పేజ్‌ర్యాంక్‌కీ ఈ ఆలోచనే ఆధారం.

మరి వైద్య పరిశోధన విలువ దీంతో తేలుతుందా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి విషయంలో చూద్దాం.

1925లో ఆయన, ఫిస్కే కలిసి ఫాస్ఫరస్‌ని రంగుని బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. దానికి వేల సైటేషన్లు. ఆ పద్ధతి వాడినవాళ్ళు దాని పేరు చెప్పాలి కదా! ఒంగోల్లో ఎవరికి దారి చెప్పినా "చర్చి సెంటర్ దగ్గర" అంటాం, అలాగన్నమాట. ప్రొటీన్ కొలిచే పద్ధతి మీద 1951లో వచ్చిన లౌరీ పేపర్‌కైతే మూడు లక్షల పైనే.

ఇప్పుడు 1948కి వద్దాం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకి అమినోప్టెరిన్ ఇస్తే కొందరిలో జబ్బు కొన్నాళ్ళు తగ్గింది. కీమోథెరపీకి అదొక పెద్ద మలుపు. ఆ మందు లెడర్లీ కంపెనీలో సుబ్బారావు గారి టీమ్ చేసిందే. కానీ ఫార్బర్ పేపర్ రచయితల్లో ఆయన లేరు. దానికొచ్చిన ఒక్క బాణం కూడా ఆయన లెక్కలో పడదు. బోదకాలుకి ఇచ్చే డీఈసీ మాత్ర కూడా ఆయన నడిపిన ల్యాబ్ నుంచి వచ్చిందే. మాత్ర మింగిన మామ్మ ఎవరినీ సైట్ చేయదు కదా!

ఇంకో చిక్కు. టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ 1998 పేపర్‌ని లాన్సెట్ 2010లో వెనక్కి తీసుకుంది. అది తప్పని చెప్పడానికి సైట్ చేసినా కౌంట్ ఒకటి పెరుగుతుంది.

అలాగని లెక్క మానేయక్కర్లేదు. ఒకే రంగంలో, ఒకే కాలంలో వచ్చిన పేపర్లనే పోల్చాలి. రచయితలు తమని తాము సైట్ చేసుకున్నవి తీసేయాలి. ఎందుకు సైట్ చేశారో చదవాలి. చివరికి అది రోగి దాకా చేరిందా అని చూడాలి.

నేను వదిలేసిన పేపర్లు మళ్ళీ తెరిచాను. ఈసారి సార్ట్ బటన్ నొక్కలేదు, చదువుతున్నాను.