లింకు పలకలేదని వెంటనే కొట్టేయకండి

ప్రశ్న: తెలుగు పుస్తకాలు దొరికే సైట్లతో ఒక డైరెక్టరీ నడుపుతున్నాను. ఆరొందల లింకుల్లో చాలావరకు తెరుచుకోవడం లేదు. ఒక్కొక్కటీ నొక్కి చూడాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. లింక్ చెకర్‌కి జాబితా అప్పగిస్తే ప్రతి సైటునీ పలకరించి, అది జవాబుగా పంపిన నంబరు రాసిపెడుతుంది. 301 వస్తే పేజీ శాశ్వతంగా ఇల్లు మారినట్టు. కొత్త చిరునామా కూడా దాంతోనే వస్తుంది, దిద్దుకోండి. 410 అంటే కావాలనే తీసేశారు. 404 (పేజీ దొరకలేదు), 503 (సర్వర్ ప్రస్తుతానికి అందుబాటులో లేదు) వస్తే మాత్రం వారం ఆగి మళ్లీ చూడండి.

అసలు చిక్కంతా 200 దగ్గరే. పేజీ ఉందనే దానర్థం, కానీ ఏ పేజీ? గడువు తీరిన డొమైన్‌ని ఎవరో కొనుక్కుని జూదం ప్రకటనలు పెడతారు. వేమన పద్యాల కోసం వచ్చిన పిల్లాడు పేకాటలో తేలతాడు. యంత్రానికి అది తప్పుగా కనబడదు. అందుకే లింకుతోపాటు పేజీ శీర్షికనీ దాచుకోండి. అది మారిందంటే మీరే తెరిచి చూడాలి. 1998 నుంచి 2017 దాకా నడిచిన డీమోజ్ డైరెక్టరీకి లింకులు తనిఖీ చేసే రోబోజిల్లా అనే ప్రోగ్రాం ఉండేది. అయినా స్వచ్ఛంద సంపాదకులు కళ్లతో చూడక తప్పలేదు.

పోయిన పేజీకి, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ప్రతి దొరికితే ఆ లింకిచ్చి, పక్కన ‘పాత ప్రతి’ అని రాయండి. బతికున్న పేజీలనూ ఇవాళే అక్కడ భద్రపరచండి, ముఖ్యంగా ఒక్కరే నడిపే చిన్న సైట్లని.