పొలము మందు – పల్లె నీరు – పసిబిడ్డ ప్రాణము
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

సూర్యాపేట జిల్లాలోని హుజూర్‌నగర్ ప్రాంతమునకు నాగార్జునసాగరము అన్నము పెట్టిన తల్లి. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ నీరు పారిన పిమ్మట మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలో మెట్టచేలు మాగాణులైనవి. వరి పెరిగినది, వరితోపాటు యూరియా బస్తా, పురుగుమందు డబ్బా కూడ ప్రతి ఇంటి పంచలోనికి వచ్చినవి.

ఎరువులును మందులును పంటకు చేసిన మేలును మనము కాదనరాదు. అయితే పొలములో చల్లినదంతయు పైరుకే చేరదు. మిగిలినది ఎచ్చటికి పోవుచున్నది? ఆ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుట పంచాయతీ సభ్యుల విధి. ఏలనన, గ్రామములో త్రాగునీటి బాధ్యత పంచాయతీది.

కంటికి కనబడని దోషము

నీరు తేటగా నున్నచో మంచిదని మన పెద్దల నమ్మకము. ఆ నమ్మకము ఎంత ప్రమాదకరమో ఉమ్మడి నల్గొండ జిల్లాకు వేరుగా చెప్పనక్కరలేదు. తేటయైన బావినీరు త్రాగియే ఎన్నో గ్రామముల పిల్లల పండ్లు గారపట్టినవి, ఎముకలు వంకరపోయినవి. ఆ దోషము ఫ్లోరైడుది; అది భూమిలోని రాతినుండి వచ్చినది, రైతు చల్లినది కాదు. పటిక, సున్నములతో ఆ ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అనియే పేరు వచ్చినది. ఇప్పుడు మనము చెప్పుకొను నైట్రేటు కూడ ఫ్లోరైడువలెనే రంగు, వాసన లేనిది. అయితే ఇది చాలవరకు మనుష్యుల చేతలవలన నీటిలో చేరునది. కావున దీనిని ఆపుటయు మన చేతులలోనే యున్నది.

యూరియా నీటిలోనికి ఎట్లు చేరును?

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని కలదు. పొలమున నీరు నిలిచియున్నంత కాలము అది ఎక్కువగా అమ్మోనియా రూపమున నుండును; కొంత గాలిలో కలిసిపోవును. పొలము ఆరి నేలకు గాలి తగిలినపుడు సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటును మట్టి పట్టి యుంచలేదు. తరువాత పెట్టిన తడితోనో, కురిసిన వానతోనో అది క్రిందికి దిగి భూగర్భజలమున కలియును. ఎరువు వేసిన వెంటనే మడవ తెగినచో అది మురుగుకాలువ దారి పట్టును.

లెక్క చూతము. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల 700 గ్రాముల నత్రజని కలదు. అదంతయు నైట్రేటుగా మారినచో సుమారు 92 కిలోలగును. భారత ప్రమాణముల సంస్థ నియమము ప్రకారము త్రాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదు. ఒక్క బస్తాలోని నత్రజనిలో పదియవ వంతు మాత్రమే దిగినను, 2 లక్షల లీటర్ల నీరు ఆ హద్దును తాకును. 5 మీటర్ల వెడల్పు గల గుండ్రని బావిలో 10 మీటర్ల లోతు నీరున్నచో, ఆ నీరు సుమారు అంతే. పైరుకు అక్కరలేని ఒక్క బస్తా ఏమి చేయగలదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

దోషమంతయు రైతుపై మోపుటయు న్యాయము కాదు. బావి ప్రక్కన పెంటకుప్ప, పశువుల కొట్టము, మరుగుదొడ్డి గుంత ఉన్నను నైట్రేటు చేరును. కావున నీటిని పరీక్షింపక కారణమును నిర్ణయింపరాదు.

పసిబిడ్డకే ఎక్కువ ముప్పు ఎందుకు?

1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున హంటర్ కాంలీ అను వైద్యుడు ఒక విషయమును వెల్లడించెను. పల్లెటూళ్ల బావినీటితో పాలు కలిపి త్రాగించిన చంటిబిడ్డలు నీలిరంగుకు తిరిగిరి. వారి గుండెలోగాని, ఊపిరితిత్తులలోగాని ఏ లోపమును లేదు. దోషము బావినీటిలోని నైట్రేటుది.

కారణమిది. శరీరములో నైట్రేటు నైట్రైటుగా మారినచో, అది రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తిని తీసివేయును. పెద్దవారి శరీరము ఆ రక్తమును తిరిగి సరిచేసికొనగలదు. ఆరు మాసములలోపు బిడ్డకు ఆ శక్తి ఇంకను పూర్తిగా రాలేదు. బిడ్డ ఊపిరి పీల్చుచునే యుండును. కాని ప్రాణవాయువు అవయవములకు చేరదు. మొదట పెదవులు, గోళ్లు నీలమగును. బిడ్డ మందగించును, పాలు త్రాగదు. అట్టి లక్షణము కనబడినచో నాటుమందులతో కాలము గడుపక, వెంటనే 108కి ఫోను చేయవలెను. ఏ నీటితో పాలు కలిపిరో వైద్యునకు తప్పక చెప్పవలెను. ఆసుపత్రిలో దీనికి చికిత్స కలదు.

ఇచ్చట తల్లులు తప్పక తెలిసికొనవలసిన సంగతి యొకటి యున్నది. నీరు కాచినచో క్రిములు చచ్చును గాని నైట్రేటు పోదు. నీరు ఆవిరియగుటచే మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. పటికయు, గుడ్డతో వడపోతయు దీనికి పనిచేయవు. పసిబిడ్డకు అన్నిటికంటె గట్టి రక్షణ తల్లిపాలే. మొదటి ఆరు మాసములు తల్లిపాలు త్రాగు బిడ్డకు వేరుగా నీరు పట్టనక్కరలేదు. నాట్లకు పోవు తల్లి గట్టున బిడ్డను పరుండబెట్టి, వ్యవసాయ బోరునీటితో డబ్బాపాలు కలుపు అగత్యము రాకుండ చూచుట గ్రామము పని.

పురుగుమందుల సంగతి

పురుగుమందు ప్రమాదము రెండు విధములు. ఒకటి, కొద్దికొద్దిగా నీటిలో చేరుట. ఐరోపా దేశముల నియమము ప్రకారము ఏ ఒక్క పురుగుమందును లీటరు త్రాగునీటిలో గ్రాములో కోటివ వంతుకు మించరాదు. పిల్లలు తమ బరువునుబట్టి చూడగా పెద్దలకంటె ఎక్కువ నీరు త్రాగుదురు. వారి మెదడు, నరములు ఇంకను పెరుగుచుండును. అందుచేత ఇట్టి గట్టి హద్దులు అవసరమగుచున్నవి.

రెండవది, ఒక్కసారిగా విషము లోపలికి పోవుట. 1958లో కేరళమున పారాథియాను కలిసిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా మరణించిరి. ఆ తరువాతనే 1968లో క్రిమిసంహారక మందుల చట్టము వచ్చినది. 2013 జూలైలో బీహారులోని గండామన్ గ్రామమున బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు ప్రాణములు కోల్పోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాసు కలిసినది. డబ్బాను మరల వాడుట, మందును తిండి వస్తువుల దగ్గర ఉంచుట ఎంతటి ఘోరమునకు దారితీయునో ఇవి తెలుపుచున్నవి.

డబ్బాపై ముద్రించిన త్రికోణపు రంగును ఇంటిల్లిపాది గుర్తింపవలెను. ఎరుపు అత్యంత విషము; పసుపు తీవ్ర విషము; నీలము మధ్యరకము; ఆకుపచ్చ స్వల్ప విషము. ఆకుపచ్చ యనిన నిరపాయమని అర్థము కాదు.

పొరుగు జిల్లా చూపిన దారి

ఒకనాటి ఖమ్మం జిల్లాలో పాల్వంచ సమీపమున పునుకుల అను గ్రామము కలదు. ప్రత్తి, మిరప పైర్లపై మందులు కొట్టి కొట్టి ఆ రైతులు అప్పులపాలైరి, అనారోగ్యముపాలైరి. 1999 ప్రాంతమున కొందరు రైతులు వేపగింజల కషాయము, పచ్చిమిరప–వెల్లుల్లి కషాయము, ఎర పంటలు మొదలగు పద్ధతులు ఆరంభించిరి. మిగిలినవారు వారి ఖర్చు తగ్గుట కన్నులార చూచి అనుసరించిరి. 2004లో పునుకుల పంచాయతీయే తమ గ్రామము పురుగుమందులు లేని గ్రామముగా నుండవలెనని తీర్మానించినది. చట్టము బలవంతపెట్టలేదు, పంచాయతీ పూనుకొన్నది.

మన పంచాయతీ చేయదగిన పనులు

1. వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి త్రాగునీటి వనరులన్నిటి నీటిని నైట్రేటునకు పరీక్షింపించి, ఫలితమును పంచాయతీ గోడపై వ్రాయింపవలెను. గ్రామస్థాయి పరీక్ష పెట్టె నైట్రేటును చూపును, పురుగుమందును చూపదు. దానికి ప్రయోగశాలకు పంపవలెను.

2. హద్దు మించిన బావికి, చేతిపంపునకు ఎరుపు గుర్తు వేయింపవలెను. ఆ నీరు పసిబిడ్డలకు పట్టరాదని అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ఇంటింట చెప్పవలెను.

3. కుళాయి నీరు ఆగిన దినములలో వ్యవసాయ బోర్లకు పోవు అగత్యము కలుగకుండ, గొట్టముల మరమ్మతును వెంటనే చేయింపవలెను. కూలీలకు చేనికి మంచి నీరు పంపు ఏర్పాటు చేయింపవలెను.

4. కాలువలోను, చెరువులోను, చేతిపంపు వద్దను స్ప్రేయరు కడుగుట నిషేధింపవలెను. ఖాళీ డబ్బాను మూడుమారులు కడిగి, ఆ నీటిని స్ప్రేయరులోనే పోసి పొలముపై చల్లి, డబ్బాకు చిల్లులు పొడువవలెను.

5. యూరియాను నాట్ల సమయమున, పిలకల దశలో, అంకురము దశలో విభజించి వేయునట్లు వ్యవసాయ విస్తరణాధికారిచే చెప్పింపవలెను. ఎరువు వేయునపుడు పొలమున నీరు పలుచగా నుండవలెను. ఆ వెంటనే నీరు బయటికి పోనీయరాదు.

6. బావుల ప్రక్కనున్న పెంటకుప్పలను దూరముగా తరలింపవలెను.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

మన ఊరిలో ఎన్ని త్రాగునీటి వనరులు కలవు? వానిలో ఎన్నిటిని ఈ సంవత్సరము పరీక్షించితిమి? ఆరు మాసములలోపు బిడ్డలున్న ఇండ్లు ఏవి, వారు ఏ నీరు వాడుచున్నారు? ఖాళీ మందుడబ్బాలు ఎచ్చటికి పోవుచున్నవి?

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాయుటకు ఒక నోటు పుస్తకము చాలును. వ్రాసినపిదప ఏ బావిని ముందు బాగుచేయవలెనో సభకే తోచును. కాలువ కట్టుట ప్రభుత్వమునకు సాధ్యమైనది; ఆ కాలువ గట్టున పుట్టిన బిడ్డకు మంచినీరు దక్కించుట మాత్రము పంచాయతీ చేతిలో నున్నది.