గేదె చేపుట – హార్మోనుల పని

అమరావతి చుట్టుపక్కల గ్రామాలలో మిరప కోతలు మొదలైతే ఇంటిల్లిపాదీ తెల్లవారేసరికి చేలో ఉండవలసినదే. పాలు పితికే పని తొందరలో సాగుతుంది. గేదె చేపకపోతే కర్ర అందుకొనేవారు కొందరు, సూది అందుకొనేవారు మరికొందరు. సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు మేము ఈ రెండు అలవాట్లనూ చూస్తున్నాము. ఇవి ఎందుకు నష్టమో తెలియాలంటే హార్మోనులు ఎలా పనిచేస్తాయో తెలుసుకొనవలెను. ఈ విషయంలో మనిషికీ గేదెకూ ఉన్న ఏర్పాటు దాదాపు ఒకటే.

హార్మోను అనగా నేమి?

లాలాజల గ్రంథులకు నాళాలుంటాయి. నాళాలు లేకుండా తమ రసాలను నేరుగా రక్తంలోకి వదిలే గ్రంథులు మరికొన్ని ఉన్నాయి. ఆ రసాలే హార్మోనులు. 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రజ్ఞులు, చిన్న ప్రేగు నుండి రక్తంలో చేరిన ఒక పదార్థం క్లోమ గ్రంథిచేత పని చేయిస్తున్నదని కనుగొన్నారు. 1905లో స్టార్లింగ్ ఇట్టి పదార్థాలకు 'హార్మోను' అనే పేరు వాడారు. ప్రేరేపించేది అని ఆ గ్రీకు మాటకు అర్థం.

రక్తం ఒళ్లంతా తిరుగుతుంది గదా, మరి అన్ని అవయవాలూ ఎందుకు స్పందించవు? ప్రతి హార్మోనుకూ సరిపోయే గ్రాహకాలు కొన్ని కణాలకే ఉంటాయి. ఎవరి పేరున ఉత్తర్వు వచ్చిందో వారే అమలు జరిపినట్లు, ఆ కణాలే పని చేస్తాయి.

మూడంచెల ఏర్పాటు

మన సహకార వ్యవస్థలో సమాఖ్య, జిల్లా యూనియను, గ్రామ సంఘం అని మూడు అంచెలున్నవి. శరీరంలోనూ అంతే. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ పీయూష గ్రంథికి కబురు పంపుతుంది. పీయూష గ్రంథి మెడలోని థైరాయిడ్ గ్రంథిని పురికొల్పుతుంది. థైరాయిడ్ తయారుచేసిన హార్మోను రక్తంలో చాలినంత అయితే, ఆ సంగతి పై రెండు అంచెలకూ తెలిసి కబుర్లు తగ్గుతాయి. తక్కువైతే పెరుగుతాయి. ఆహారంలో అయోడిన్ లేకపోతే పైనుండి ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది, సరుకు తయారు కాదు. గ్రంథి మాత్రం ఉబ్బుతుంది. అదే గాయిటర్. అయోడిన్ ఉప్పు వాడమనేది ఇందుకే.

చేపు ఎలా వస్తుంది?

దూడ చన్ను పట్టినా, చేతితో పొదుగు కడిగి నిమిరినా, ఆ స్పర్శ నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. అప్పుడు పీయూష గ్రంథి వెనుక భాగం ఆక్సిటోసిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది పొదుగు చేరి, పాలతిత్తుల చుట్టూ ఉన్న సన్నని కండర కణాలను బిగిస్తుంది. పాలు చన్నులలోకి దిగుతాయి. బాలింతకు బిడ్డ ఏడుపు వినగానే పాలు చేపడం ఈ హార్మోను వల్లనే.

ఆవు పొదుగులో సుమారు ఐదో వంతు పాలు చేపు రాకముందే అడుగు భాగాన నిలువ ఉంటాయి. గేదెకు ఆ నిలువ నూటికి ఐదు పాళ్లే. కావున గేదె చేపనిదే పాలు లేవు. చేపుటకు రెండు మూడు నిమిషాలు పట్టడమూ సహజమే.

కొట్టినా, కొత్తవారు అరచినా గేదె బెదురుతుంది. బెదురు ఆక్సిటోసిన్ విడుదలను అడ్డుతుంది. పైగా అడ్రినలిన్ రక్తనాళాలను ముడిచి, పొదుగుకు చేరే భాగాన్నీ తగ్గిస్తుంది. కర్ర దెబ్బతో మనం పాలను వెనక్కు పంపుతున్నామన్న మాట.

సూది సంగతి

ఆక్సిటోసిన్‌ను 1953లో ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విన్యో అనే అమెరికా శాస్త్రజ్ఞునికి 1955లో నోబెల్ బహుమతి లభించింది. కాన్పు తరువాతి రక్తస్రావం నుండి తల్లుల ప్రాణాలు కాపాడే మందు అది. దానిని రోజూ గేదెకు పొడిస్తే, గేదె సూది లేనిదే చేపని స్థితికి వస్తుంది. పొదుగులో ఉన్న పాలు దిగుతాయే గాని కొత్త పాలు పుట్టవు. ఆరోగ్యానికి హాని కలిగేలా పాల కోసం సూది వేయడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షను నిషేధిస్తున్నది.

ఆ పాలు తాగితే ఏమవుతుందని సభ్యులు అడుగుతుంటారు. ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. జీర్ణరసాలు దానిని ముక్కలు చేస్తాయి. ఇన్సులిన్‌ను సూదిగా ఇవ్వడానికి కారణమూ ఇదే. ముందుగా నష్టపోయేది గేదె, దానిపై ఆధారపడిన ఇల్లు.

సభ్యులు చేయవలసినవి

1. రోజూ ఒకే వేళకు, వీలైనంతవరకు ఒకే మనిషి పితకవలెను.

2. మందు చల్లి వచ్చిన బట్టలతో గేదె వద్దకు పోరాదు. స్నానం చేసి, బట్టలు మార్చవలెను.

3. పితికే ముందు దాణా పెట్టి, గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి, నిమిరి, చేపు వచ్చేవరకు ఆగవలెను.

4. చేపు వచ్చిన తరువాత ఆపకుండా, ఐదారు నిమిషాలలో పితకడం ముగించవలెను. రక్తంలో ఆ హార్మోను బలం కొద్ది నిమిషాలే.

5. దూడ చనిపోయిన గేదెకు మొదటి రోజు నుండే దాణా, చేతి నిమురుడు అలవాటు చేయవలెను. అప్పటికీ చేపకపోతే పశువైద్యుని సంప్రదించవలెను.

కార్యదర్శులు ఈ అయిదింటిని పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము.