బల్లయొద్ద కుంటివాడు, గడపయొద్ద మూడు కాళ్ల కుక్క

పాఠ్యభాగము: 2 సమూయేలు 9వ అధ్యాయము, 19:24–30; సంఖ్యాకాండము 22:21–34

ఈ నెల పాఠమునకు కుక్కను తీసికొనుట కొందరికి వింతగా తోచవచ్చును. పరిశుద్ధ గ్రంథములో కుక్కకు మంచి పేరు లేదు. గొఱ్ఱెకు, గాడిదకు, పావురమునకు దొరికిన మర్యాద దానికి దొరకలేదు. మృగములు చీల్చిన మాంసమును కుక్కలకు పారవేయుమని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (నిర్గమ. 22:31). పౌలు ఫిలిప్పీ సంఘమునకు వ్రాయుచు దుష్టులైన పనివారిని కుక్కలతో పోల్చెను (3:2). మన కృష్ణాతీరపు ఊళ్లలోను ఈ జంతువు పేరు తిట్టుగానే వాడబడుచున్నది. తోబీతు గ్రంథములో ప్రయాణికుని వెంట నడచిన కుక్క యొకటి కలదు గాని, ఆ గ్రంథము మన బైబిలులో చేరలేదు. పాపము, ఆ కుక్కయు గడప వెలుపలనే నిలిచిపోయినది.

ఇప్పుడు సమూయేలు రెండవ గ్రంథము తెరువుడి. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు అయిదేండ్ల వయస్సువాడై యుండగా, సౌలును యోనాతానును చనిపోయిరను వార్త వచ్చెను. దాది వానిని ఎత్తికొని పరుగెత్తుచుండగా వాడు పడి రెండు కాళ్లును కుంటివాడాయెను (4:4). పెరిగి పెద్దవాడై లోదెబారులో మాకీరు ఇంట తలదాచుకొనెను. దావీదు పిలువనంపినప్పుడు సాగిలపడి, తన్ను తాను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను. రాజు ఆ మాటకు ఓదార్పుగా ఒక్క మాటయు పలికినట్లు వ్రాయబడలేదు. వెంటనే సీబాను పిలిచి పొలముల సంగతి మాటలాడెను! భూమి ఎవరిదో, దానిని ఎవరు దున్నవలెనో, పంట ఎవరు ఇంటికి తేవలెనో చెప్పెను. సీబాకు పదునైదుగురు కుమారులును ఇరువదిమంది దాసులును ఉండిరని లెక్కకూడ అక్కడ కలదు. మెఫీబోషెతునకు దినదినము రాజు బల్లయొద్ద చోటు ఏర్పడెను.

అధ్యాయము చివర అతడు రెండు కాళ్ల కుంటివాడని మరల చెప్పబడినది. రాజు బల్లయొద్ద కూర్చున్నందున కాళ్లు బాగుపడలేదు. ఎక్కడికైనను పోవలెనన్న ఎవరో గాడిదకు గంత కట్టవలెను. అబ్షాలోము తిరుగబడిన దినమున ఆ గాడిద దగ్గరనే సీబా తన్ను మోసపుచ్చెనని అతడు రాజుతో మొరపెట్టుకొనెను. రాజు వెళ్లినది మొదలు అతడు కాళ్ల విషయమై శ్రద్ధ తీసికొనలేదని 19వ అధ్యాయములో చదువుచున్నాము. అనగా తక్కిన దినములలో ఆ కాళ్లకు పరిచర్య జరుగుచుండెనన్నమాట. ఒక్క దినపు దయ చెప్పుకొనుటకు బాగుండును. మరుసటి దినము, దాని మరుసటి దినము, గాడిదకు గంత కట్టు దినములు — వీటినిగూర్చి ప్రసంగములు తక్కువ.

మా యింట చుక్క అను కుక్క యొకటి కలదు. నుదుట తెల్లని మచ్చ యున్నందున పిల్లలు ఆ పేరు పెట్టిరి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ ప్రాంతము మునిగిన సంగతి మీరెరుగుదురు. ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజీ గుండా 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పోయినది; 1957లో బ్యారేజీ వాడుకలోనికి వచ్చినప్పటినుండి అంత వరద రాలేదు. మనుష్యులకే పడవలు చాలని సమయమది. భోజనపు పొట్లములు పంచుటకు మా పల్లెనుండి వెళ్లిన యువకులు, కూలిన గోడ ప్రక్కన ముందరి ఎడమకాలు నలిగిపోయి పడియున్న దీనిని గోనెసంచిలో చుట్టి తెచ్చిరి. పశువైద్యులు కాలిని భుజమువరకు తీసివేసిరి. కొంత ఉంచరాదా అని అడిగితిమి. సగము మిగిలిన కాలు నేలకు తగిలి రాచుకొని పుండ్లు పడునని, పూర్తిగా తీసివేయుటయే జంతువునకు సుఖమని వారు చెప్పిరి. విజయవాడకు దగ్గరలో గన్నవరమున పశువైద్య కళాశాల యున్నది. ఈ ప్రాంతమువారు ఇట్టి చికిత్సలను గూర్చి అక్కడ విచారించవచ్చును.

మూడు కాళ్ల కుక్క ఎట్లు నడచునో మా పల్లెలో ఎవరును చూచియుండలేదు. కుక్క బరువులో నూటికి అరువది పాళ్లు ముందరి కాళ్లమీదనే పడును. కనుక వెనుక కాలు పోయిన దానికంటె ముందరి కాలు పోయిన దానికి కష్టమెక్కువ. మిగిలిన ముందరి కాలిని అది రొమ్ము మధ్యకు జరిపి, తల ఎత్తి దించుచు గెంతును. నిలుచుటకంటె పరుగెత్తుట దానికి సులువు! కొన్ని వారములలోనే చుక్క నేర్చుకొన్నది. మేము నేర్చుకొనుటకు ఎక్కువకాలము పట్టినది. నున్నని గచ్చుమీద కాలు జారును గనుక గోనెపట్టాలు పరచితిమి. మెడకు పట్టీ కట్టి లాగినచో ముందుకు తూలును గనుక రొమ్ము చుట్టు వచ్చు పట్టీ కట్టవలెను. అన్నిటికంటె ముఖ్యము, దానిని లావెక్కనీయరాదు. జాలిపడి ఇరుగుపొరుగువారు వేయు అన్నపు ముద్దయే దానికి శత్రువు. నాలుగు కాళ్లు మోయవలసిన బరువు మూడింటిమీద పడగా కీళ్లు త్వరగా అరుగును. విందు జరిగిన మరునాడు వండిన కోడి ఎముకలు తెచ్చి వేయుదురు. అవి చీలికలై గొంతులోను ప్రేగులలోను గ్రుచ్చుకొనును. వద్దని చెప్పినచో, కుక్కకు పత్యమేమిటని నవ్వుదురు. నవ్వనిండు.

ఇక మొండితనము. పిలిచినప్పుడు రాదు, పొమ్మన్నప్పుడు పోదు. ఎత్తుకొనబోయినచో గుర్రుమనును. కాలువగట్టున బాతులు కనబడినచో లేని కాలు జ్ఞాపకమే యుండదు. పోయిన వేసవిలో మిట్టమధ్యాహ్నము సిమెంటు రోడ్డు మొదట కూలబడి, ఎంత బ్రతిమాలినను కదలలేదు. చూచినవారు కఱ్ఱ తీసికొమ్మని సలహా చెప్పిరి. రోహిణికార్తెలో రోళ్లు పగులునందురు గదా. దాని పాదము ఎత్తి చూడగా మెత్తని అరికాలు కందియుండెను. ముందరి బరువంతయు ఆ ఒక్క పాదముమీదనే. చేతి వెనుకభాగము రోడ్డుపై ఆనించి ఏడు లెక్కపెట్టునంతవరకు ఉంచలేకపోయినచో, కుక్కను దానిమీద నడిపింపరాదు. అప్పటినుండి ఉదయము ఎండ రాకముందు, సాయంకాలము నేల చల్లారిన తరువాత తిప్పుచున్నాము; ఒకేసారి దూరము పోక, కొద్దికొద్దిగా.

బిలాము గాడిద మూడుసార్లు దెబ్బలు తినెను. మొదట పొలములోనికి తిరిగెను, తరువాత గోడకు ఒత్తుకొనెను, చివరకు కూలబడెను. దానికి కనబడినది బిలామునకు కనబడలేదు. మా చుక్క దూతను చూచినదని మేము చెప్పబోము. అది చూచినది వేడి సిమెంటు మాత్రమే. అయినను ఆ గాడిద యజమానుని అడిగిన ప్రశ్న ఆలోచింపదగినది: ఎన్నడైనను నీకు ఈలాగు చేసితినా అని. మొండి జంతువు కొత్తగా కూలబడినప్పుడు కారణమేమో వెదకవలెను. చుక్క అన్ని మొండితనములకును కారణము దొరకునని గాదు. మేము పరచిన గోనెపట్టా విడిచి, ఆరాధన జరుగుచుండగా చెప్పుల మధ్యనే పండుకొనుటకు ఏ కారణమును మాకు దొరకలేదు.

ఇంతవరకు చెప్పినది సులభము. ఇప్పుడు కష్టమైన మాట. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఏడేండ్ల బాలుడొకడు అన్నము తినుచున్న చుక్క వెనుకగా వచ్చి, తెగిన కాలి చోటు ముట్టుకొనెను. అది తిరిగి చేయి కరచెను. రక్తము వచ్చెను. బాలుని మామ్మ కారము, నూనె తెచ్చుటకు ఇంటికి పరుగెత్తినది. మేము చేయి పట్టుకొని బోరింగు క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగితిమి. వాడు ఏడ్చుచునే యుండెను, జనులు కేకలు వేయుచునే యుండిరి. పదునైదు నిమిషములు ఎంత దీర్ఘమో ఆ దినము తెలిసినది.

కారము, సున్నము, పసుపు, నాటుమందు ఏదియు పెట్టరాదు. గాయమునకు కట్టు బిగించరాదు. కడిగిన వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోవలెను. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులను భయముతో ఇప్పటికిని కొందరు ఇంటనే దాగుదురు. అది గొఱ్ఱె మెదడుతో చేసిన పాత మందు; మన దేశములో దాని వాడుక పోయి చాల కాలమైనది. ఇప్పుడు చేతికే వేయుదురు: మొదటి దినము, తరువాత మూడవ, ఏడవ, ఇరువది యెనిమిదవ దినములు లెక్క. రక్తము వచ్చిన గాయమైనచో గాయములోనే వేరొక మందుకూడ ఎక్కింతురు. 1885లో పాశ్చరు ఫ్రాన్సు దేశమున తొమ్మిదేండ్ల బాలునికి మొదట ఈ చికిత్స చేసెను. 1907లో మన దక్షిణదేశమున కూనూరులో ఆయన పేర సంస్థ ఏర్పడెను. వెఱ్ఱి లక్షణములు కనబడిన తరువాత చికిత్స దాదాపు ఏమియు లేదు. కనుక కుక్కకు టీకా వేయబడినదని చెప్పి బాలునికి మానరాదు. చుక్కకు టీకా చీటీ యున్నది. అయినను బాలునికి నాలుగు మారులును వేయించితిమి, కుక్కను పది దినములు కట్టివేసి కనిపెట్టితిమి.

సంఘపెద్ద ఒకరు వచ్చి, "దాన్ని ఏటి అవతల వదిలేసి రండి. రేపు మరో పిల్లాణ్ణి కరిస్తే ఎవరు చెబుతారు జవాబు?" అనిరి. ఆయన భయము అన్యాయమైనది కాదు. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము. అంతకంటె పెద్ద సంగతి, ఏటి అవతలను పిల్లలున్నారు. ఆ మాటే ఆయనతో అంటిమి. ఆయన చాలసేపు ఊరకుండి, టీకా చీటీ అడిగి తీసికొని, తేదీలు చదివి, ఆరాధన జరుగు వేళ కుక్కను వేపచెట్టుకు కట్టవలెనని చెప్పెను. అట్లే చేయుచున్నాము. భోజనము చేయుచున్న కుక్కను ముట్టరాదని, వెనుకనుండి పోరాదని, ముందు పేరు పెట్టి పిలువవలెనని ఆదివారపు బడిలో పిల్లలందరికి నేర్పితిమి. తాడు కొరికి మరల చెప్పుల మధ్యకు వచ్చిన దినములు రెండు కలవు. ఇప్పుడు గొలుసు వేసితిమి.

ఆ బాలుని చేయి మానినది, మచ్చ యున్నది. వాడు గుడికి వచ్చునప్పుడు వేపచెట్టు వైపు రాక అవతలి గోడ వారనే పోవును. చుక్క వానిని చూచి తోక ఆడించును. దగ్గరకు రమ్మని మేము వానిని పిలువము.