పాత కంప్యూటర్ చచ్చినా ఫైళ్లు బతికే ఉంటాయి

ప్రశ్న: కేతేపల్లిలో మాకు డీటీపీ షాపు ఉంది. పాత కంప్యూటర్ అసలు ఆన్ కావడం లేదు. ఏళ్లనాటి పెళ్లిపత్రికల పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. దొరుకుతాయా?

జవాబు: చాలావరకు దొరుకుతాయి. బటన్ నొక్కితే ఫ్యాన్ కూడా తిరగడం లేదంటే ముందు అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టెను. వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు తరచుగా పోయేది అదే. ఫైళ్లుండేది మాత్రం హార్డ్‌డిస్క్‌లో. ప్లగ్ తీసేసి, డిస్క్‌ను బయటికి తీసి చూడండి. వెడల్పాటి పట్టీలాంటి కేబుల్ ఉంటే ఐడీఈ, సన్నగా ఉంటే సాటా. దానికి సరిపడే యూఎస్‌బీ అడాప్టర్ కొని వేరే కంప్యూటర్‌కు తగిలించండి. డెస్క్‌టాప్ డిస్క్‌కు 12 వోల్టుల కరెంటు కావాలి కనుక విడిగా పవర్ ప్లగ్ ఉన్న అడాప్టరే తీసుకోండి. కంప్యూటర్ ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడిగితే పొరపాటున కూడా సరే అనకండి. ఫైళ్లు కనిపిస్తే ముందు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, తెరిచి చూసుకోవడం తర్వాత. అన్నట్టు, కొత్త కంప్యూటర్‌లో అను తెలుగు ఫాంట్లు లేకపోతే పత్రికలోని తెలుగంతా పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. కంగారు పడకండి, ఫైలు చెడిపోలేదు.

డిస్క్ టిక్కుటిక్కుమంటున్నా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపేయండి. డిస్క్ మూత మాత్రం విప్పొద్దు, లోపల దుమ్ము పడితే అంతే సంగతులు. హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసేవాళ్లకు చూపించి, ఖర్చెంతో ముందే అడగండి.