తీపిని లంచంలా కాదు, ప్రసాదంలా పెడదాం

ఈ వారం వీడియోలో నైవేద్యం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో చెప్పడానికి మొహమాటపడ్డ సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. తప్పు నాదే.

మా అక్క కొడుక్కి ఐదేళ్ళు. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న రోజుల్లో వాడికి అన్నం తినిపించే పని నాది. మీటింగ్‌కి టైమ్ అయిపోతుంటే నాకు తెలిసిన చిట్కా ఒక్కటే: "పప్పన్నం తినేస్తే చాక్లెట్." అల్లరి చేస్తే "ఇవాళ స్వీట్ కట్." కోడ్‌లో ఇఫ్-ఎల్స్ రాసినట్టు. రెండు నెలలు బాగానే నడిచింది.

వినాయక చవితి అయిన రెండు రోజులకి వాడి స్కూల్ బ్యాగుకి చీమలు పట్టాయి. చూస్తే, పుస్తకాల వెనకాల కాగితంలో చుట్టిన మూడు లడ్డూలు. "ఎందుకు దాచావురా?" అంటే ఏడుస్తూ, "నేను రేపు బ్యాడ్ బాయ్ అయితే నువ్వు ఇవ్వవు కదా మామయ్యా" అన్నాడు.

నా నోట మాట రాలేదు. మితంగా తినడం నేర్పుతున్నాననుకున్నాను. వాడు నేర్చుకున్నది భయపడటం, దాచుకోవడం.

అమ్మ ఒక్కటే అడిగింది: "ప్రసాదం పంచేటప్పుడు ఎవరు మంచివాళ్ళో కనుక్కుని పెడతామా?"

పెట్టం కదండీ. చెయ్యి చాపిన అందరికీ పెడతాం, కొంచెమే పెడతాం. కళ్ళకద్దుకుని తింటాం. అయిపోయాక ఇంకా కావాలని ఎగబడం. తీపితో పిల్లలకి ఉండాల్సిన బంధం ఇదే అనిపించింది.

1999లో అమెరికాలో జెన్నిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లల మీద ఒక అధ్యయనం చేశారు. కళ్ళ ముందే ఉంచి తిననివ్వకుండా ఆపిన తినుబండారం మీదే పిల్లల ధ్యాస పెరిగిందని తేలింది. మనకిది కొత్తేం కాదు. గోపికలు ఉట్టి ఎంత పైకి కడితే కన్నయ్య అంత పైకి ఎక్కాడు!

అలాగని అడిగినంత పెట్టమని కాదు. రోజు మొత్తం శక్తిలో ఫ్రీ షుగర్స్ వాటా 10 శాతం లోపే ఉండాలని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు కూడా అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదంటాడు. రెండు వైపులా హద్దు ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో పాటిస్తున్నవి ఇవి:

1. తీపికి షరతు లేదు. మార్కులకీ, అల్లరికీ, పప్పన్నానికీ దానితో ముడిపెట్టం.

2. తీపి ఉన్న రోజు అన్నంతో పాటే కంచంలో ఒక చిన్న ముక్క. పండగ విస్తట్లో పప్పు కంటే ముందే పరమాన్నం వడ్డిస్తాం కదా, అలా. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దవాళ్ళ ఇష్టం. పెట్టినదాంట్లో ఎంత తినాలన్నది వాడి ఇష్టం.

3. నైవేద్యం అంటే తీపి ఒక్కటే కాదని చూపిస్తున్నాం. పులిహోర, దద్దోజనం, గుగ్గిళ్ళు, వడపప్పు అన్నీ దేవుడికి పెట్టేవే. ఉండ్రాళ్ళు చేసే రోజు రవ్వ కలపడం వాడి పని.

4. వాడే అందరికీ పంచుతాడు. ఆఖరున తను తింటాడు. తిన్నాక నోరు పుక్కిలించాలి.

రెండేళ్ళ లోపు పిల్లలకి చక్కెర కలిపినవి పెట్టకపోవడమే మంచిది. షుగర్ లాంటి సమస్య ఉన్న పిల్లల విషయంలో డాక్టర్ గారు చెప్పిందే వినండి.

ఇది ఒక్క రోజులో కుదరలేదు. మొదటి వారం "ఇంకోటి, ఇంకోటి" అని గొడవే. "మళ్ళీ శనివారం చేసుకుందాం" అని చెప్పి, ఆ శనివారం మాట తప్పకుండా చేశాం. మాట నిలబెట్టుకున్న కొద్దీ గొడవ తగ్గింది.

మొన్న అమ్మ బూరెలు చేసింది. వాడు సగం తిని, మిగతా సగం కంచంలో వదిలేసి, "కడుపు నిండింది మామయ్యా" అంటూ ఆడుకోవడానికి పరిగెత్తాడు. ఆ సగం బూరె నేను తినేశాను. ఈసారి బ్యాగ్ వెతకలేదు.

కృష్ణార్పణం.