ఒకే తీరం – రెండు సముద్రాలు

పెరియకుళం కొడైకానల్ కొండల పాదాల దగ్గర ఉన్న ఊరు. సముద్రం అక్కడికి చాలా దూరం. అయినా ఆ ఊరికి సముద్రంతో సంబంధం లేకపోలేదు. ఊరిలో పారే వరాహనది వైగైలో కలుస్తుంది. వైగై రామనాథపురం సీమ మీదుగా సాగి, నీరు నిండుగా ఉన్న ఏడు పాక్ అఖాతాన్ని చేరుతుంది.

పాక్ అఖాతానికి దక్షిణాన మన్నార్ సింధుశాఖ ఉంది. రామేశ్వరం దీవి, రామసేతువు ఈ రెండింటినీ వేరుచేస్తున్నాయి. అక్కడి జాలరులు ప్రశాంతంగా ఉండే పాక్ అఖాతాన్ని ఆడ సముద్రమనీ, పెద్ద అలలు లేచే మన్నార్‌ను మగ సముద్రమనీ పిలుస్తారు. పాక్ అఖాతం లోతు తక్కువ. దాని అడుగున బురద, ఇసుక, వాటి మీద పచ్చిక బయళ్లవలె పెరిగే సముద్రపు గడ్డి ఉంటాయి. ఆ గడ్డిని మేసి బ్రతికే జంతువే సముద్రపు ఆవు. దీని రక్షణ కోసం తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని కేటాయించింది. మన్నార్ సింధుశాఖ ఇంకా లోతైనది. అక్కడి చిన్న చిన్న దీవుల చుట్టూ పగడపు దిబ్బలున్నాయి. ముత్యపు చిప్పలకు అది పేరుపొందిన చోటు. లోతు, అడుగునేల, అలల తీరు మారితే అక్కడ నివసించే ప్రాణులు కూడా మారుతాయన్నమాట.

ఈ ప్రాణులతోపాటు మన కంటికి సులభంగా కనిపించని మరికొన్ని ప్రాణులు కూడా మారుతాయి. అవే పరాన్నజీవులు. ఇతర ప్రాణుల శరీరంలోనో, శరీరం మీదనో ఉండి, వాటి నుండి ఆహారం పొందేవి పరాన్నజీవులు. వాటికి ఆశ్రయమిచ్చే ప్రాణిని అతిథేయి అంటారు.

కొన్ని చదును పురుగుల బ్రతుకు విచిత్రమైనది. పురుగు గుడ్లు పక్షి రెట్టతో నీటిలో పడతాయి. ఆ పురుగు పిల్లదశలో మొదట నత్తలో పెరుగుతుంది. తరువాత చేపలో ప్రవేశిస్తుంది. ఆ చేపను తిన్న పక్షి కడుపులో పెద్దదై, మళ్లీ గుడ్లు పెడుతుంది. నత్త, చేప, పక్షి – ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పురుగు బ్రతకలేదు. అందుచేత ఒక నత్త లేని తీరంలో, ఆ నత్తనే నమ్ముకున్న పురుగూ ఉండదు. ఈ కారణంగానే శాస్త్రజ్ఞులు చేపలోని పురుగులను పరిశీలించి, ఆ చేప ఏ ప్రాంతంలో తిరిగిందో కొంతవరకు చెప్పగలుగుతున్నారు.

పరాన్నజీవులు చిన్నవే కాని వాటి మొత్తం తక్కువ కాదు. ఉత్తర అమెరికా పడమటి తీరపు మూడు నదీముఖాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, అక్కడి పరాన్నజీవుల మొత్తం బరువు ఆ నదీముఖాల పక్షుల బరువును మించి ఉందని 2008లో ప్రకటించారు.

స్వాతికార్తెలో పడిన వానచినుకు చిప్పలో ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పుకునేవారు. 1902లో హెర్డ్‌మన్, హార్నెల్ అనే శాస్త్రజ్ఞులు మన్నార్ సింధుశాఖలో సింహళం వైపున ఉన్న ముత్యపు చిప్పలను కోసి పరిశీలించారు. చిప్పలలో బద్దెపురుగు పిల్లలు కనిపించాయి. ఆ పురుగు చుట్టూ పొరలు చేరి మేలిముత్యం ఏర్పడుతుందని హెర్డ్‌మన్ భావించాడు. చిప్పలను తినే టేకు చేప కడుపులో ఆ పురుగు పెద్దదవుతుందని కూడా ఆయన ఊహించాడు. ముత్యం పుట్టడానికి పురుగు తప్పనిసరి కాదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. 1973లో తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు చిప్పలో చిన్న గుండును ఉంచి ముత్యాన్ని పెంచగలిగారు. ఒకరి ఊహను మరొకరు పరీక్షించి సరిదిద్దుతూపోవడమే శాస్త్రం నడిచే దారి.

పురుగులు లేని సముద్రం మంచిదని కొందరు అనుకోవచ్చు. కాని రకరకాల పరాన్నజీవులున్న చోట వాటికి కావలసిన నత్తలు, చేపలు, పక్షులు కూడా ఉన్నాయని అర్థం. అవి హఠాత్తుగా తగ్గితే ఎక్కడో గొలుసు తెగిందని గుర్తించాలి. మన్నార్ సింధుశాఖలో అటువంటి ప్రమాదం ఉంది. సున్నం కోసం పగడాలను తవ్వడం వలన 21 దీవులలో రెండు నీట మునిగాయి. 1986లో ఈ దీవులను సముద్ర జాతీయోద్యానంగా ప్రకటించారు. 2016లో నీరు వేడెక్కి పగడాలు తెల్లబడి ఎన్నో చనిపోయాయి. పగడం పోతే దాని నీడన బ్రతికే చేప పోతుంది. చేప పోతే జాలరి వల వట్టిదవుతుంది.

నదిలో పడవేసిన చెత్త, పొలాల్లో చల్లిన మందు వరదనీటితో సముద్రం వైపే సాగుతాయి. కనుక సముద్రాన్ని కాపాడే పని తీరంలో ఉన్నవారిది మాత్రమే కాదు. వరాహనది ఒడ్డున ఉన్నవారిది కూడా.

ప్రశ్నలు
1. పాక్ అఖాతానికి, మన్నార్ సింధుశాఖకు గల భేదాలేవి?
2. నత్తలు లేని తీరంలో కొన్ని పురుగులు ఎందుకు ఉండవు?
3. ముత్యం గురించిన అభిప్రాయాలు ఎలా మారుతూ వచ్చాయి?
4. మీ ఊరి వాగు లేక నది ఏ సముద్రాన్ని చేరుతుందో తెలుసుకొని వ్రాయండి.